ఎవర్ని అడగాలె

బూర్గంపాడు దాటి, తారురోడ్డు వదిలి, వాగు మీది కాజ్‌వే దాటితే ఆ ఊరు వస్తుంది. ముందు గోదావరి, వెనక అడవి. కాగితం మీద ఒకటే గ్రామం గానీ మనుషులు రెండు చోట్ల ఉండేవారు. మెరక మీద మిర్చి, పత్తి వేసే రైతుల పెంకుటిళ్ళు, డాబాలు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. కింద, వాగు గోదావరిలో కలిసే చోట, కోయవాళ్ళ గుంపు, అంటే వాళ్ళ గూడెం. మట్టిగోడలు, తాటాకు కప్పు, ఇంటింటికీ మేకల దడి.

నేను అక్కడ వీఆర్వోగా, అంటే గ్రామ రెవెన్యూ అధికారిగా పనిచేశాను. నా హోదా పేరు గవర్నమెంటు ఎన్నిసార్లు మార్చినా ఊళ్ళోవాళ్ళకు నేను పట్వారీ సారునే. పెళ్ళయిన కొత్తలో వెళ్ళాను. నా ఇద్దరు పిల్లలూ ఆ ఊళ్ళో కిరాయికి ఉన్న రెండు గదుల ఇంట్లోనే నడక నేర్చారు. ఉద్యోగంలో చేరినప్పుడు ఏదైనా పట్నం దగ్గర ఊరు ఇస్తే బాగుండునని నేను కోరుకున్న మాట నిజం. ఇప్పుడు ఆ ఊరి పేరు ఎక్కడైనా బస్సు బోర్డు మీద కనిపిస్తే కాసేపు కదలలేను.

మా శాఖకు మంచి పేరు లేదు. ఆ సంగతి నాకు తెలియంది కాదు. పాసుబుక్కు కోసం రైతును ఏడాది తిప్పినవాళ్ళను నేను చూశాను. వాళ్ళతో కలిసి మీటింగుల్లో కూర్చున్నాను, ఒకే టీ తాగాను. వాళ్ళను చూసి జనం మమ్మల్నందర్నీ తిట్టుకుంటే అందులో తప్పేమీ లేదు. అయితే తిట్టడానికైనా ఒక మనిషి ఎదురుగా ఉండాలి కదా అనే ఆలోచన మాత్రం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ ఊళ్ళో నాకు బాగా గుర్తున్న మనుషులు ఇద్దరు. ఒకరు మెరక మీద ఉండే పెద్ద రైతు. మండలంలో ఆయన పార్టీకి ఆయనే పెద్ద. పార్టీ మారినా పెద్దగానే ఉన్నాడు. మా ఆవిడకు నొప్పులు మొదలైనప్పుడు, వాగు పొంగి ఆటోలు ఆగిపోతే, తన కారు తీయించి భద్రాచలం దవాఖానాకు పంపించిన మనిషి. తెల్లటి లుంగీ, భుజం మీద తువ్వాలు, ఎవరొచ్చినా ముందు "కూర్చో" అనే మాట. ఆయన అడిగిన పని కాదనడం నాకే కాదు, మా తహసీల్దారుకూ తేలిక కాదు.

రెండో మనిషి గుంపులో ఉండే ఒక అవ్వ. భర్త లేడు. కూతురు పెళ్ళి చేసుకుని అడవి లోపలి ఊరికి వెళ్ళిపోయింది. అవ్వకు మేకలే లోకం. పొట్టిగా, గట్టిగా ఉండేది. నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. గుంపులో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ముందు అవ్వకు చెప్పేవాళ్ళు, అవ్వ నా దగ్గరికి వచ్చేది. వాళ్ళతో వాళ్ళ భాషలో, నాతో తెలుగులో. చెప్పిన పని కాకపోతే గొంతు పెంచేది.

"సారూ, నిన్నొస్తనంటివి. రాకపోతివి. పిల్ల సర్టిఫికెట్ లేక బడికాడ నిలబడ్డది. ఏంది గిట్ల?"

"మీటింగ్ పడింది అవ్వా. కలెక్టరు గారొచ్చారు."

"కలెక్టర్ వస్తే వచ్చిండు. నాకు చెప్పి పోవద్దా?"

ఆమెకు చెప్పి వెళ్ళాలని ఏ నిబంధనా లేదు. అయినా ఆ తర్వాత నేను మీటింగుకు వెళ్ళేటప్పుడు గుంపు దగ్గర బండి ఆపి చెప్పి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆ ఊళ్ళో వానాకాలం అంటే అందరికీ ఒక కన్ను నది మీదే. గోదావరి ఎక్కితే వాగు ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. నది ఊరి మీద పడేలోపే ఆ వెనకనీళ్ళు గుంపును చుట్టేస్తాయి. ఒక ఏడాది అలాగే చుట్టేశాయి. అప్పటికి నేను గుంపులోనే ఉన్నాను, ఖాళీ చేయించడానికి వెళ్ళి చిక్కుబడిపోయాను. అందరం అంగన్‌వాడీ డాబా మీదికి ఎక్కాం. వంటగిన్నెలు, కోళ్ళు, మేకపిల్లలు, పసిపిల్లలు, నేను. మండలం ఆఫీసు నుంచి పడవ బయల్దేరిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చూస్తున్నాం, చూస్తున్నాం. వాన ఆగలేదు. పడవ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి ఒక ముసలాయన చలికి మాట పడిపోయి ఉన్నాడు. తర్వాత కోలుకున్నాడనుకోండి.

పడవ నడిపినతను నన్ను ఒడ్డుకు దించేటప్పుడు అసలు సంగతి చెప్పాడు. దారిలో పొలాల దగ్గర పెద్ద రైతు మనుషులు చెయ్యెత్తి ఆపారట. బోరు మోటర్లు మునుగుతున్నాయని, ముందు అవి ఎక్కించమన్నారట. పెద్దాయన ఫోన్‌లో చెప్తే కాదనలేకపోయానన్నాడు.

నీళ్ళు తీశాక ఎమ్మెల్యే గారు వచ్చారు. బడి ఆవరణలో టెంటు వేశాం. కుర్చీలు, మంచినీళ్ళు, మైకు, అన్నీ నేనే చూశాను. అలాంటి పనులు మావే. పెద్ద రైతు ఎమ్మెల్యే పక్కన కూర్చున్నాడు. దుప్పట్లు పంచడం అయింది, ఫొటోలు అయ్యాయి, లేవబోతుంటే అవ్వ లేచి నిలబడింది.

"దుప్పట్లిచ్చిన్రు, మంచిదే. నాకొక్కటి చెప్పున్రి. పొద్దుగాల వచ్చే పడవ పగటేల దాటినంక ఎందుకొచ్చింది?"

తహసీల్దారు మైకు అందుకుని, వరద ఉధృతి వల్ల కొంత ఆలస్యం జరిగిందన్నాడు. ఆయనకు అసలు సంగతి అప్పటికి తెలియదు. నేనింకా చెప్పలేదు. అవ్వ ఆయన మాట విని, తల నావైపు తిప్పింది.

"సారూ, నువ్వు మా తాననే ఉంటివి గద. నువ్వు చెప్పు."

నా చేతిలో నీళ్ళ సీసాల పెట్టె ఉంది. దాన్ని కింద పెట్టాను. ఎదురుగా వందమంది. ఆ డాబా మీద నా పక్కన తడిసినవాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. ఏమీ తెలియదని అనొచ్చు. అన్నా ఎవరూ నన్ను పట్టుకునేవాళ్ళు కాదు.

"పడవ పొద్దున్నే బయల్దేరింది. దారిలో పొలాల దగ్గర ఆపి మోటర్లు ఎక్కించారు. అందుకే ఆలస్యమైంది" అన్నాను.

"ఎవరు ఆపిన్రు?"

"మోటర్లు ఎవరివో వాళ్ళు."

అంతకుమించి చెప్పాల్సిన అవసరం రాలేదు. అందరి తలలూ ఒకేసారి ఒకవైపు తిరిగాయి. పెద్ద రైతు తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. ఎమ్మెల్యే గారు నెమ్మదస్తులు. "ఇకమీద ముందు మనుషులు, తర్వాతే సామాన్లు. ఇది అందరికీ చెప్తున్నా" అన్నారు. అవ్వ కూర్చుంది. ఆమెకు కావలసింది అంతే. ఎవరినో శిక్షించమని ఆమె అడగలేదు. ఎందుకు అట్లా జరిగిందో ఒకరు చెప్పాలి, పదిమందిలో చెప్పాలి. అది విని ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పెద్ద రైతు కబురు పెట్టాడు. అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అప్పుడు అడిగాడు.

"ఏమయ్యా, నిన్ను నేనేమన్నా తక్కువ చేశానా?"

"లేదన్నా."

"మరి ఎమ్మెల్యే ముందు ఆ మాటెందుకు? నాకు చెప్తే నేను సర్దుకునేవాణ్ణి కదా."

"ఆమె నన్ను అడిగింది కదన్నా. అందరిముందూ అడిగింది. చెప్పకుండా ఎట్లా?"

కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది ఆయన ముఖంలో. "అడిగినవాడికల్లా జవాబు చెప్పుకుంటూ పోతే గవర్నమెంటు ఉద్యోగం చెయ్యలేవయ్యా. సర్లే, బదిలీలు వస్తాయిగా, చూద్దాం" అన్నాడు.

బదిలీ అవుతుందనే అనుకున్నాను. మా ఆవిడ సామాను ఎట్లా కట్టాలో ఆలోచించడం కూడా మొదలుపెట్టింది. కానీ ఆయనకు ఆ శ్రమ అక్కర్లేకపోయింది. నా ఒక్కడి బదిలీ కాదు, రాష్ట్రంలో ఆ ఉద్యోగమే లేకుండా పోయింది.

ఒకరోజు పొద్దున్న ఆఫీసు నుంచి ఫోన్. మధ్యాహ్నం లోపల గ్రామ రికార్డులన్నీ తెచ్చి అప్పగించమన్నారు. కారణం అప్పటికే టీవీలో వస్తోంది. నేను పుస్తకాలన్నీ ఒక దుప్పట్లో మూటకట్టి బండికి కట్టుకున్నాను. వాగు దగ్గరికి వచ్చేసరికి అవ్వ మేకలు తోలుకుంటూ ఎదురైంది. మూట చూసి నిలబడిపోయింది.

"ఏంది సారూ, ఇల్లు ఖాళీ చేస్తున్నవా?"

"నా ఉద్యోగం తీసేశారు అవ్వా. నా ఒక్కడిదే కాదు, పట్వారీలందరిదీ."

"ఏం తప్పు చేసినవ్?"

చాలామంది చేశారు, అందుకని అందర్నీ తీసేశారు అని చెప్పాను.

"మరి రేపటి సంది మేం ఎవర్ని అడగాలె?"

"మండలాఫీసుకు వెళ్ళాలి. కంప్యూటర్లో అన్నీ ఉంటాయి."

"ఆడ నన్ను ఎరికున్నోళ్ళు ఎవరున్నరు?"

బండి తీశాను.

ఆ తర్వాత చాలా నెలలు మండలాఫీసులో ఖాళీగా కూర్చున్నాం. జీతం వచ్చేది, పని లేదు. పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టి, బల్లల మీద వరసగా కూర్చుని, పాత ఊళ్ళ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఎవరైనా రైతు లోపలికి వస్తే అందరం ఒకేసారి తలెత్తేవాళ్ళం. అతను మమ్మల్ని దాటుకుని కంప్యూటర్ గది వైపు వెళ్ళిపోయేవాడు. చివరికి చీటీలు తీసి ఒక్కొక్కర్ని ఒక్కో శాఖకు పంచారు. ఒకతను నీటిపారుదలకు, ఒకతను మున్సిపాలిటీకి. నాకు కొత్తగూడెంలో ఒక దవాఖానా ఆఫీసు వచ్చింది.

గవర్నమెంటును నేను నిందించను. జనం ఓట్లేసి పంపిన ప్రభుత్వానికి ఒక ఉద్యోగం వద్దనుకునే అధికారం ఉంది. అవినీతి తగ్గించాలన్నది మంచి ఉద్దేశమే. నా బాధ వేరు. తప్పు చేసినవాడెవరో చూసి వాణ్ణి నిలబెట్టి అడగడం ఒక పని. అడగడానికి అక్కడ మనిషే లేకుండా చెయ్యడం ఇంకో పని. మొదటిది కష్టం కాబట్టి రెండోది చేశారేమోనని నాకనిపిస్తుంది. నా పాత సహోద్యోగులు కొందరు ఒప్పుకోరు. నీకు ఊరి మీద బెంగ, అంతే, దానికి సిద్ధాంతం కడుతున్నావంటారు. కావచ్చు.

బెంగ మాత్రం నిజం. దవాఖానాలో నేను ఓపీ చీటీల కౌంటర్ వెనక కూర్చునేవాణ్ణి. పేరు, వయసు, ఊరు అడగాలి, చీటీ ఇవ్వాలి. పాల్వంచ, ఇల్లందు, జూలూరుపాడు. ఒక్కోసారి బూర్గంపాడు మండలం అని ఎవరైనా చెప్తే, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాణ్ణి. వెనక వరసలో వాళ్ళు విసుక్కునేవారు. మేముండే వీధి బొగ్గు గనుల క్వార్టర్ల పక్కనే. షిఫ్టు మారేటప్పుడు సైరన్ మోగేది. ఆ మోతకు లేచి, నేనెక్కడున్నానో తెలియక మంచం మీద కూర్చునేవాణ్ణి. తలుపు తడితే పాలవాడే. నాకోసం ఎవరూ వచ్చేవారు కాదు. మా ఆవిడ మొదట్లో హాయిగా ఉందనేది. తర్వాత తర్వాత ఆమె కూడా, "గుంపులో కంది కాయలు తెచ్చిచ్చేవాళ్ళు, ఈపాటికి వచ్చి ఉంటాయి" అనడం మొదలుపెట్టింది.

మరుసటి వానాకాలం గోదావరి మళ్ళీ ఎక్కింది. భద్రాచలం దగ్గర రెండో హెచ్చరిక దాటిందని, మూడోదాని వైపు పోతోందని ఫోన్లలో వస్తోంది. కౌంటర్లో కూర్చుని చీటీలు రాస్తున్నాను గానీ చెయ్యి ఆగిపోతోంది. పదిగంటల వేళ అవ్వ ఫోన్ చేసింది. తన ఫోన్ కాదు, ఎవరిదో.

"సారూ, మైకుల చెప్తున్నరు ఖాళీ చెయ్యమని. నీళ్ళు ఇంకా వాగుల్నే ఉన్నయ్. మొన్న గూడ గట్లనే చెప్పిన్రు, రాలె. నువ్వేమంటవ్?"

"ఎవరు చెప్తున్నారు?"

"పంచాయతి పిలగాడు. కొత్తోడు. మంచోడే. మాకు ఎరిక లేడు."

"అవ్వా, వెళ్ళిపోండి. ఈసారి పెద్దగా వస్తోంది."

"నువ్వొస్తవా?"

రానని చెప్పాలి. ఆ ఊరికీ నాకూ ఏ సంబంధమూ లేదు. "వస్తున్నా" అన్నాను. సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన ఫైలు మూసి, "నువ్విప్పుడు రెవెన్యూ కాదు కదయ్యా. ఏ హోదాలో వెళ్తావు?" అన్నాడు. చెప్పడానికి ఏ హోదా లేదు. పక్క సీటతనికి కౌంటర్ అప్పగించి బయటికి వచ్చి బండి తీశాను.

పాల్వంచ దాటేసరికి వాన కమ్మేసింది. ఊరి దారిలో కాజ్‌వే మీదికి అప్పుడే నీళ్ళు ఎక్కుతున్నాయి. ఒడ్డున పెద్ద రైతు ట్రాక్టరు ఆగి ఉంది. గొడుగు కింద ఆయన. నన్ను చూసి నవ్వాడు.

"రావయ్యా. ఇప్పుడు నువ్వెవరు?"

"ఎవర్నీ కాదన్నా. అవ్వ పిలిచింది."

"నన్ను పిలవలేదు చూడు" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే నొచ్చుకున్నాడనిపించింది. "ఎక్కు" అన్నాడు. ట్రాక్టరు నీళ్ళలోకి దిగింది. టైర్లు సగం దాకా మునిగాయి.

గుంపు దగ్గర పంచాయతీ కార్యదర్శి, ఆ కుర్రవాడు, గొంతు బొంగురుపోయి ఉన్నాడు. ముందురోజు నుంచీ చెప్తున్నాడట. సగం మంది కదిలారు. అవ్వ, ఆమెను చూసి ఇంకొందరు, కదల్లేదు. ఆమె బాధ నీళ్ళు కాదు, మేకలు. మెరక మీద బడిలో తలదాచుకోమన్నారు గానీ అక్కడ మేకల్ని రానివ్వరు.

"మేకల్ని ఇడిచి నేను రాను సారూ. పోయిన వరదల గూడ మా ఇంటి ముంగలి చింతచెట్టు దాటి నీళ్ళు రాలె."

"ఈసారి దాటుతాయి. మేకలు కూడా వస్తాయి."

"యాడికి?"

నేను పెద్ద రైతు వైపు తిరిగాను. "అన్నా, మీ పత్తి గోదాం ఖాళీగా ఉందా?"

గోదాంలో మేకలంటే వారం రోజులు వాసన పోదు. అయినా ఆయన ట్రాక్టరు దిగి, అవ్వ ముందుకు వచ్చి, "తోలుకురా అవ్వా" అన్నాడు.

అవ్వ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. "నా మేకలకు ఏమన్న అయితే ఎవరు జవాబు?"

"నేను" అన్నాను.

ఆ మాట నోటి నుంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నా చేతిలో ఒక రబ్బరు స్టాంపు కూడా లేదు. కానీ ఆమె లేచి దడి తలుపు తీసింది. ఆమెను చూసి మిగతా ఇళ్ళూ కదిలాయి. ట్రాక్టరు తిరుగుతూనే ఉంది. పెద్ద రైతు కొడుకు ఒకటి, పక్క రైతు ఒకటి తెచ్చారు. చీకటి పడకముందే గుంపంతా మెరక మీద ఉంది. ఆ సాయంత్రం ఆ బడి వరండాలో, తడి బట్టలతో, అందరి మధ్య కూర్చుని, ఎవరో ఇచ్చిన అన్నం తింటుంటే, నాకు ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. పక్కన వరద. ఇళ్ళు పోతాయని తెలుసు. అయినా అట్లా అనిపించింది. అది తప్పేమో కూడా.

నీళ్ళు చింతచెట్టు దాటాయి. మట్టిగోడలు కరిగిపోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. మర్నాడే దవాఖానా నుంచి ఫోన్ మీద ఫోన్. వెనక్కి వచ్చేశాను. వచ్చేసరికి నా సీట్లో సంజాయిషీ కాగితం ఉంది. అనుమతి లేకుండా విధులు వదిలి ఎందుకు వెళ్ళావని. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. సూపరింటెండెంటు గారు చదివి, "నన్ను ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? అది చెప్పు" అన్నాడు. ఆయన ప్రశ్న కూడా న్యాయమైందే. నేను చేసిన పని మంచిదయినా, నేను జవాబు చెప్పాల్సింది ఆయనకు. అందుకు నేను తల వంచుకున్నాను. రెండు రోజులూ సెలవు కింద రాసి, ఇంకోసారి ఇట్లా చెయ్యనని సంతకం తీసుకుని వదిలేశాడు.

వానలు తగ్గాక ఒక సోమవారం, ఓపీ వరసలో అవ్వ కనిపించింది. ఒంట్లో బాగాలేదేమోనని భయపడి లేచాను.

"నాకేం రోగం లేదు. నీ కోసమే వచ్చిన. గోదాంల మూడు మేకలు సచ్చినయ్. తడిసి, జరమొచ్చి. నువ్వు జవాబు చెప్తనంటివి గద."

వెనక వరసలో వాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు. మేకలు చనిపోయినందుకు బాధపడాలి. బాధపడ్డాను కూడా. కానీ ఆమె అన్ని బస్సులు మారి, అంత దూరం నన్ను అడగడానికే వచ్చింది. చీటీల కట్ట సర్దుతున్నట్టు తల దించుకున్నాను. ఈసారి అనుమతి తీసుకున్నాను. ఆమెను బండి ఎక్కించుకుని కలెక్టరేటుకు వెళ్ళాను. సోమవారం అక్కడ ప్రజావాణి ఉంటుంది, జనం అర్జీలు ఇస్తారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనెప్పుడూ బల్లకు అవతలి వైపే ఉన్నాను. ఆ రోజు అవ్వ పక్కన, వరసలో నిలబడ్డాను.

లోపల ఉన్న అధికారి ఓపిగ్గా విన్నది. వరద నష్టం కింద పశువులకు పరిహారం ఉంది గానీ, చనిపోయినప్పుడు పశువైద్యుడు చూసి రాసివ్వాలి. "అది ఉందా?" అని అడిగింది. లేదు. "లేకుండా నేను చెయ్యలేనమ్మా. ఇంకో పశువుల పథకంలో పేరు పెట్టించగలను, కానీ ఈ మూడింటికి రాదు" అంది. సరిగ్గా అదే మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో. ఆమెకు నమస్కారం పెట్టి బయటికి వచ్చాం.

మెట్ల మీద అవ్వ ఆగింది. "ఏమన్నది?"

"రాదు అవ్వా."

"ఎందుకు రాదు?"

చెప్పాను. డాక్టరు చూసి కాగితం రాసి ఉండాల్సిందని, నిబంధన అదని.

"సచ్చిన మేకను డాక్టర్కి చూపియ్యాలని మాకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది. ఊళ్ళో చెప్పే మనిషి లేడు ఆ రోజు."

నేను జేబులో చెయ్యి పెట్టాను. ఆమె గమనించి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నీ పైసలకు రాలె నేను. ఇప్పుడన్న ఎరికైంది. పోదాం పా" అంది. బయట టీ బండి దగ్గర ఇద్దరం టీ తాగాం. నేను బస్సు ఎక్కించాను. బస్సు పాల్వంచ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది. ఊరికో అధికారి మళ్ళీ ఉండాలని కొత్త ప్రభుత్వం అనుకుంది, వేరే పేరుతో. పాతవాళ్ళలో ఇష్టమున్నవాళ్ళు పరీక్ష రాయమన్నారు. మా అబ్బాయి ఇంటర్ పుస్తకాలు చదువుతుంటే పక్కన కూర్చుని నేనూ చదివాను. పాసయ్యాను. గోదావరి ఒడ్డు ఊరు రావాలని మొక్కుకున్నాను. ఏన్కూరు మండలంలో ఒక ఊరు వచ్చింది. కాలువ కింద పొలాలు, వరి, మంచి మనుషులు. నాకింకా అలవాటు పడుతున్నారు. ఇక్కడా ఒక పెద్ద రైతు ఉన్నాడు. ఇక్కడా బదిలీ మాట ఎత్తుతాడు. నవ్వి ఊరుకుంటాను. ఎవరైనా ఒక పని ఎందుకు కాలేదని అడిగితే, ఎవరి వల్ల కాలేదో, ఎప్పటికి అవుతుందో, అసలు కాదో, చెప్పేస్తాను. నాకు తెలిసిన పరిపాలన అంతే.

మొన్నటి వానాకాలం గోదావరి మళ్ళీ ఎక్కుతోందని విని అవ్వకు నేనే ఫోన్ చేశాను. మూడుసార్లు చేస్తే ఎత్తింది. వెనక పిల్లల గోల.

"అవ్వా, ఎక్కడున్నావ్? బయల్దేరండి ఇంక."

"అవ్ సారూ, ఎప్పుడో వచ్చినం. ఇస్కూల్ల ఉన్నం. కొత్తగొచ్చిన పిల్ల ఉన్నది గద, పట్వారీ పిల్ల. పొద్దుగాలనే వచ్చి ఇంటింటికి తిరిగి ఒర్రింది. ఊకోలె."

"మేకలో?"

"అవి గూడ వచ్చినయ్. గోదాం తాళం ఆ పిల్లనే తీపిచ్చింది."

"మంచిగా చూస్తోందా?"

"మంచిగనే చూస్తది. జర చిన్నది గని, అడిగితే చెప్తది. నువ్వు రాకు సారూ, రోడ్డు మీద నీళ్ళున్నయ్."

నేను రానక్కర్లేదని ఆమె నా మంచికే చెప్పింది. ఎంత సంతోషపడ్డానో అంత వెలితిగానూ అనిపించింది నాకు. ఫోన్ పెట్టేయాలని లేదు. కూతురెట్లా ఉంది, ఇల్లు మళ్ళీ ఎక్కడ కట్టావు, అంగన్‌వాడీ డాబా కారుతోందా అని ఒకటొకటే అడుగుతూ పోయాను. అన్నిటికీ చెప్పింది. చివరికి, "జల్దీ పెట్టు సారూ, చార్జింగ్ అయిపోతది, అందరికి ఇదొక్కటే ఫోన్" అంది.

పెట్టేశాను. బయట ఏన్కూరు వాన సన్నగా, ఆగకుండా పడుతోంది. కిటికీలోంచి చూస్తే చేలు తప్ప నది కనపడదు ఇక్కడ. ఒక రైతు గొడుగు మడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. నారుమడి మునిగిందట, వచ్చి చూస్తారా అన్నాడు. చెప్పులు వేసుకుని అతనితో బయల్దేరాను.